చేతికొక చదువు: తాళంచెవి బిళ్ళ

తెలుగువారు ఒక రచయితను మనసారా మెచ్చుకోదలచినప్పుడు ఆయనను చేయి తిరిగినవాడు అంటారు. ఒక వ్యాసం ఇంకా మెరుగుపడవలసి ఉన్నదనుకుంటే దానిని మరొక్కసారి చిత్రిక పట్టమంటారు. పద్యాన్ని చెక్కినాడనీ, పాత్రను మలచినాడనీ, వాక్యాన్ని తీర్చిదిద్దినాడనీ విమర్శకులు వ్రాస్తారు. ఈ మాటలేవీ పుస్తకాలలో పుట్టినవి కావు. వడ్రంగి కొట్టంలోను, శిల్పి ముంగిటను పుట్టి, అక్కడినుండి సాహిత్యంలోకి నడచివచ్చినవి. చిత్రిక అనగా చెక్కపైనున్న ఎగుడుదిగుళ్ళను పొరలు పొరలుగా తీసివేసి నునుపు చేసే పనిముట్టు. ఆ పనిముట్టు పేరును పరీక్షపత్రంలో జాతీయంగా వ్రాసి మార్కులు తెచ్చుకొనే విద్యార్థులలో దానిని కంటితో చూచినవారు కొద్దిమంది. చేతితో పట్టి చూచినవారు మరీ కొద్దిమంది. మాట మిగిలినది గాని, మాటకు తల్లియైన పని మరుగున పడినది.

పనిని మరచిన చదువు ఎంత దూరం పోగలదు అన్నది పెద్ద ప్రశ్న. దానికి సమాధానం వెదకడానికి పెద్ద కర్మాగారం అక్కరలేదు. బొటనవ్రేలంత చెక్కముక్క చాలు. తాళంచెవులకు తగిలించుకొనే చెక్కబిళ్ళను, అనగా నేడు అందరూ కీ చైను అంటున్న వస్తువును, పిల్లలచేత చేయించి చూస్తే చేతికీ బుద్ధికీ ఉన్న సంబంధం కన్నులకు కట్టినట్లు కనిపిస్తుంది.

తెలుగు భాష తాళానికి ఒక చెవిని ఇచ్చింది. ఆ చెవిలో మాట చెప్పినట్లుగానే తాళం విడివడుతుంది కాబోలు. పూర్వం ఇంటి పెత్తనం ఎవరిదో తెలుసుకోవాలంటే తాళంచెవుల గుత్తి ఎవరి బొడ్డున ఉన్నదో చూచేవారు. అత్తగారు కోడలికి ఆ గుత్తిని అందించిన రోజు ఆ ఇంటి చరిత్రలో ఒక ఘట్టం. అటువంటి వస్తువుకు అలంకారంగాను, ఆనవాలుగాను ఉండే బిళ్ళను పదేళ్ళ పిల్లవాడు తన చేతులతో చేసి ఇంటికి తీసుకొనిపోతే, ఆ ఇంటి వ్యవహారంలో వాడికీ ఒక భాగం దక్కినట్లే.

చిన్న వస్తువు, పెద్ద పాఠం

ఈ బిళ్ళనే ఎన్నుకోవడానికి కారణాలు లేకపోలేదు. పీట చేయాలన్నా, పెట్టె చేయాలన్నా పిల్లల బలం చాలదు, సమయం చాలదు. బిళ్ళ అయితే రెండు మూడు పీరియడ్లలో పూర్తి అవుతుంది. మొదలుపెట్టిన పనిని తుదిముట్ట చూచిన తృప్తి పిల్లవాడికి దక్కుతుంది. ఆరు సెంటీమీటర్ల పొడవు, మూడు సెంటీమీటర్ల వెడల్పు, ఏడెనిమిది మిల్లీమీటర్ల మందం గల చెక్క దీనికి సరిపోతుంది. వడ్రంగి ఒక తలుపు చేసిన తరువాత మిగిలే తుంపులు ఒక తరగతికంతటికీ వస్తాయి. అయినప్పటికీ కొలవడం, గీయడం, కోయడం, రాయడం, బెజ్జం వేయడం, నునుపు చేయడం, నూనె పట్టించడం అనే వడ్రంగపు పనులలో ముఖ్యమైనవన్నీ ఈ చిన్న బిళ్ళలో ఇమిడి ఉన్నవి.

మొట్టమొదట పిల్లలు తెలుసుకోవలసినది కర్రకు ఒక దిశ ఉన్నదని. చెట్టు ఎదిగిన దిక్కుగా దాని నారలు సాగి ఉంటాయి. ఈ సంగతిని ఉపన్యాసంగా చెప్పనక్కరలేదు. ఒకే కొలత గల రెండు సన్నని చెక్కపేళ్ళను, ఒకటి నార వెంబడి, రెండవది నారకు అడ్డంగా కోసి, పిల్లలను వంచి చూడమనవలె. మొదటిది వంగి నిలుస్తుంది. రెండవది చిటుక్కుమని విరిగిపోతుంది. ఆ చప్పుడు విన్న పిల్లవాడికి పాఠ్యపుస్తకంలోని పేరా అక్కరలేదు. చేప ఆకారం గల బిళ్ళ చేయదలచుకొన్నవాడు తోక సన్నబడే చోట నార ఎటు నడుస్తున్నదో చూచి మరీ గీస్తాడు. పిట్ట బొమ్మ చేయదలచుకొన్న బాలిక ముక్కును నారకు అడ్డంగా పెట్టదు.

బెజ్జం విషయంలో మరొక పాఠం ఉన్నది. ఉంగరం తగిలించే బెజ్జం చెక్క అంచుకు మరీ దగ్గరగా ఉంటే, తాళంచెవుల బరువుకు నార చీలి, కొన్నాళ్ళకు అంచు ఊడిపోతుంది. నాలుగు మిల్లీమీటర్ల బెజ్జం వేసేటప్పుడు అంచునుండి కనీసం ఆరేడు మిల్లీమీటర్లు విడిచిపెట్టడం మేలు. చెక్క క్రింద పనికిరాని మరొక ముక్కను ఉంచి బెజ్జం వేస్తే, బరమా అవతలికి వచ్చేచోట చెక్క పెళ్ళ లేవదు. బెజ్జం ముందుగా వేసి, ఆకారాన్ని తరువాత కోయడం ఇంకా మంచిది. ఆకారం పూర్తి అయిన తరువాత బెజ్జం దగ్గర చెక్క చీలితే ఎవరికైనా ఏడుపు వస్తుంది. ఏ పని ముందు, ఏ పని తరువాత అనే విచక్షణ పిల్లలకు ఇంతకంటె తేలికగా మరొకచోట దొరకదు.

ఇక నునుపు చేయడం. ఇది ఓపికకు పరీక్ష. ముందు ఆకురాయితో మూలలు రాయాలి. తరువాత 80వ నెంబరు ఉప్పుకాగితం, దానిపైన 120, చివరకు 220. ఎప్పుడూ నార వెంబడే రుద్దవలె. అడ్డంగా రుద్దితే పడే గీతలు, నూనె పట్టించిన వెంటనే పైకి తేలి కనిపిస్తాయి. తొందరపడి 80 నుండి ఒక్కసారిగా 220కి దూకినవాడి చెక్క మొగంమీదనే ఆ తొందర వ్రాసి ఉంటుంది. ఉపాధ్యాయుడు మందలించనక్కరలేదు. ఆ పని చెక్కయే చేస్తుంది. చెక్క ఎవరి కొడుకు, ఎవరి కూతురు అని చూడదు. పక్షపాతం లేని పరీక్షాధికారి అది.

పై తరగతుల పిల్లలు బిళ్ళపై తమ పేరులోని మొదటి అక్షరాన్ని చెక్కుకోవచ్చును. తెలుగు అక్షరానికి గుండ్రదనం ప్రాణం. తాటాకుపై గంటంతో వ్రాసిన కాలంలో అడ్డగీతలు ఆకును చీలుస్తాయి కనుక లిపి వంపులు తిరిగినదని పెద్దలు చెబుతారు. చెక్కపై ఆ వంపును చెక్కబోయినప్పుడు సగం వంపు నార వెంబడి సులభంగా సాగుతుంది. మిగిలిన సగం నారకు ఎదురై మొరాయిస్తుంది. ఎదురైన చోట ఉలిని అవతలి దిక్కునుండి పట్టుకోవాలని పిల్లవాడు తనంతట తాను కనుగొంటాడు. అయిదేళ్ళ వయస్సులో పలకపై దిద్దిన అక్షరం ఎన్ని మలుపులు తిరుగుతున్నదో వాడికి మొదటిసారిగా తెలిసేది అప్పుడే.

ఉపాధ్యాయులకు కొన్ని జాగ్రత్తలు

ఏ కర్ర పడితే ఆ కర్ర పిల్లల చేతికి ఇవ్వరాదు. గన్నేరు చెట్టు సర్వాంగాలూ విషమే గనుక దాని కొమ్మను ముట్టనీయరాదు. సరకుల పెట్టెలనుండి ఊడదీసిన చెక్కలపై ఎం.బి. అనే ముద్ర ఉంటే దానికి విషవాయువుతో ధూపం పట్టినారని అర్థం. అటువంటిది వద్దు. వేప, మామిడి, టేకు తుంపులు మన ఊళ్ళలో సులభంగా దొరుకుతాయి. చెక్కపొడి ముక్కులోకి పోకుండా గుడ్డ కట్టుకోవలె. ఆరుబయట చెట్టునీడను కూర్చొని చేయడం ఉత్తమం. చెక్కను బల్లకు బిగించి మాత్రమే కోయవలె. ఎడమచేత పట్టుకొని కుడిచేత కోసేవాడి వ్రేలికి ఎప్పుడో ఒకప్పుడు గాయం తప్పదు. మూడు నాలుగు తరగతుల పిల్లలకు కోత పని ఇవ్వకుండా, కోసిన బిళ్ళలనే ఇచ్చి నునుపు చేయించవచ్చును.

పైపూతకు అవిసెనూనె, తేనెమైనం చాలును. అవిసెనూనె గాలికి గట్టిపడి చెక్కను కాపాడుతుంది. అయితే ఆ నూనె తుడిచిన గుడ్డలను ఉండచుట్టి మూలను పారవేయరాదు. ఆరేటప్పుడు వాటిలో పుట్టే వేడి పోగుపడి, వాటంతట అవే అంటుకొనే ప్రమాదం ఉన్నది. వాటిని విప్పి ఆరుబయట ఆరవేయడమో, నీటిలో ముంచడమో చేయవలె. రంగులు వేయదలచుకొంటే సీసం కలిసినవాటిని దూరంగా ఉంచవలె. సీసం పిల్లల మెదడుకు శత్రువు. ఇళ్ళకు వాడే రంగులలో పది లక్షల పాళ్ళకు 90 పాళ్ళు మించి సీసం ఉండరాదని కేంద్రప్రభుత్వం 2016లో నిబంధన చేసింది. అంతకుముందు కొని మూలను పెట్టిన పాత డబ్బాలను పిల్లల పనికి తీయరాదు.

ఏటికొప్పాక చెప్పే మాట

రంగు ప్రసక్తి వచ్చినప్పుడు అనకాపల్లి జిల్లాలో వరాహనది ఒడ్డున ఉన్న ఏటికొప్పాకను తలచుకోకుండా ఉండలేము. తెలుగునాట ఆడపిల్లల బొమ్మరిళ్ళలో ఉడికిన అన్నమంతా ఆ ఊరి లక్కపిడతలలోనే ఉడికినదంటే అతిశయోక్తి కాదు. అక్కడి పనివారు అంకుడు కర్రను వాడతారు. అది మెత్తనిది, తెల్లనిది. తరిమెనపై తిరుగుతున్న కర్రకు రంగు కలిపిన లక్కపుల్లను ఒత్తిపట్టితే, ఒరిపిడిలో పుట్టిన వేడికి లక్క కరిగి కర్రకు పట్టుకుంటుంది. ఆపైన మొగలిరేకుతో ఒత్తి మెరుగు పెడతారు. కుంచె లేదు, పొయ్యి లేదు. పసుపునుండి పసుపుపచ్చ, నీలిమొక్కనుండి నీలం, జాఫ్రా గింజలనుండి ఎరుపు చాయ. రసాయనపు రంగులు వచ్చి ఈ పద్ధతి వెనుకబడినప్పుడు, ప్రకృతి సిద్ధమైన రంగులను మళ్ళీ నిలబెట్టడానికి ఆ ఊరివారైన శ్రీ సి.వి. రాజు చేసిన కృషికి 2023లో పద్మశ్రీ లభించింది. 2017లో ఏటికొప్పాక బొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవం నాడు ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటంపై ఊరేగినవి ఈ బొమ్మలే.

నేడు ఆ ఊరి పనివారు పిడతలతో పాటు తాళంచెవుల బిళ్ళలు కూడా చేస్తున్నారు. కాలం అడిగినది చేయడం కళకు అవమానం కాదు, ఆయుర్దాయం. కృష్ణాతీరాన కొండపల్లిలో తెల్లపొణికి కర్రతో బొమ్మ అవయవాలను వేరువేరుగా చెక్కి, చింతగింజల పిండి, రంపపుపొడి కలిపిన మక్కుతో అతికించే విద్య కూడా ఇట్టిదే. ఈ రెండు ఊళ్ళ కళకూ ఆధారం చెట్టు. అంకుడు గాని, పొణికి గాని నాటకుండా నరికితే ఉలి ఉన్నా కర్ర ఉండదు. కనుక చెక్కబిళ్ళ చేయించే పాఠశాల తన ఆవరణలో ఒక చెట్టును కూడా నాటించడం ధర్మం. ఎంత చెక్కలో ఎన్ని బిళ్ళలు వస్తాయో పిల్లలచేత లెక్క కట్టించి, వృథాను తగ్గించడం అంతకంటె ముందు చేయవలసిన పని.

పాత ఆలోచనయే

పిల్లల చేతికి చెక్కను ఇవ్వడం క్రొత్త సంగతి కాదు. ఫిన్లాండులో ఊనో సిగ్నేయస్ అనే విద్యావేత్త ప్రోద్బలంతో 1866లోనే ప్రజాపాఠశాలలలో చేతిపని పాఠ్యాంశమైనది. స్వీడనులోని నాస్ అనే చోట ఆటో సాలమన్ దానికి ఒక క్రమం ఏర్పరచి, అనేక దేశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చినాడు. స్లాయిడ్ అనే ఆ పద్ధతిలో పిల్లవాడు చేసే వస్తువు ఇంటికి ఉపయోగపడేదై ఉండవలె. తేలికనుండి కష్టానికి మెట్టుమెట్టుగా సాగవలె. అన్నిటికంటె ముఖ్యమైన నియమం మరొకటి ఉన్నది. పిల్లవాడి పనిమీద ఉపాధ్యాయుడు చేయి వేయరాదు. వేరొక చెక్కపై చేసి చూపవచ్చును, నోటితో చెప్పవచ్చును. వాడి చెక్కను మాత్రం వాడే పూర్తిచేయవలె. వంకర పోయినా అది వాడి వంకరయే. ప్రదర్శనకు అందంగా ఉండాలని ఉపాధ్యాయుడో, తల్లిదండ్రులో రాత్రికి రాత్రి సరిదిద్దిన వస్తువులను చూచినవారికి ఈ నియమం విలువ తెలుస్తుంది.

మన దేశంలో 1937లో వార్ధాలో గాంధీజీ చేతివృత్తి కేంద్రంగా చదువు సాగవలెనన్నారు. డాక్టరు జాకీర్ హుస్సేన్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం దానికి రూపం కల్పించింది. పిల్లలు చేసిన వస్తువుల అమ్మకంతో పాఠశాల తన ఖర్చు తాను కొంతవరకైనా భరించవలెనని గాంధీజీ కోరిక. ఆ కోరికను మన్నిస్తూనే, ఆదాయం మీద దృష్టి పెరిగితే విద్యా ప్రయోజనం దెబ్బతినే ప్రమాదం ఉన్నదని ఆ సంఘమే హెచ్చరించింది. ఆ హెచ్చరిక చెక్కబిళ్ళకు కూడా వర్తిస్తుంది. బిళ్ళలను వార్షికోత్సవంలో అమ్మడం తప్పు కాదు. కాని వంద బిళ్ళలకు గిరాకీ వచ్చిందని ఒక పిల్లవాడిచేత బెజ్జాలు మాత్రమే, మరొకడిచేత నునుపు మాత్రమే చేయిస్తే, అది పాఠశాల కాదు, కూలి లేని కార్ఖానా. మొదటి గీతనుండి చివరి నూనెబొట్టు దాకా ఒకే చేయి నడచినప్పుడే అది చదువు.

1964-66 నాటి కొఠారీ సంఘం దీనినే పని అనుభవం అన్నది. 1977లో ఈశ్వరభాయ్ పటేల్ సంఘం సమాజోపయోగ ఉత్పాదక కృత్యం అన్నది. 2020 నాటి జాతీయ విద్యావిధానం ఆరునుండి ఎనిమిదవ తరగతి వరకు గల పిల్లలు పుస్తకాల సంచి లేకుండా పదిరోజులు వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, చిత్రకారుడు మొదలైనవారి వద్ద పని నేర్చుకోవలెనన్నది. పేర్లు మారుతూ వచ్చినవి. కాని పరీక్షలు దగ్గరపడగానే లెక్కల మాష్టారు అడిగి తీసుకొనే పీరియడు ఏదంటే చాలా బడులలో అది చేతిపని పీరియడే. మార్కులు లేని విద్యకు గంట మ్రోగదు.

గౌరవం ఎవరికి?

ఈ నిర్లక్ష్యం వెనుక మార్కుల లెక్క ఒక్కటే లేదు. చేతిపని చదువురానివారి పని అనే తలంపు మనలో లోతుగా పాతుకొని ఉన్నది. ఆ తలంపు కులాన్ని ఆశ్రయించి బ్రతికింది. బాగా చదువుకోకపోతే ఉలి పట్టుకోవలసి వస్తుందని పిల్లలను బెదిరించే ఇళ్ళు ఉన్నవి. ఆ మాట వింటూ అదే తరగతిలో ఒక వడ్రంగి కొడుకు తలవంచుకొని కూర్చొని ఉంటాడని ఎవరూ ఆలోచించరు. తన తండ్రి విద్యను బెదిరింపుగా విన్న పిల్లవాడు ఆ విద్యను నేర్వడు. నేర్చినా చెప్పుకోడు. చేతివృత్తుల ఇళ్ళనుండి పిల్లలు తరలిపోవడానికి పేదరికం ఒక కారణమైతే, ఈ అగౌరవం రెండవ కారణం.

చెక్కబిళ్ళ పాఠానికి ఊరి వడ్రంగిని పిలిపించి, ఉపాధ్యాయుని ప్రక్కన కుర్చీ వేసి కూర్చోబెట్టి, మాష్టారని పిలిపించడం ఈ జబ్బుకు మందు. ఆ గంటసేపు లెక్కలలో మొదటివాడు చేతగాక వెలవెలబోవచ్చును. ఎప్పుడూ వెనుక బెంచీలో కూర్చొనేవాడు రంపం పట్టిన తీరు చూచి తరగతి అంతా వాడి చుట్టూ మూగవచ్చును. తెలివికి ఒక్కటే కొలబద్ద లేదని పిల్లలు ఆనాడు తెలుసుకొంటారు. ఆ వడ్రంగి నోట వచ్చే మాటలను, అనగా పనిముట్ల పేర్లను, కర్ర గుణాలను చెప్పే పదాలను పిల్లలచేత ఒక నోటుపుస్తకంలో వ్రాయించడం తెలుగు ఉపాధ్యాయుని వంతు. నిఘంటువుకు ఎక్కని పదాలు ఆ నోటుపుస్తకంలో ఎన్ని చేరుతాయో చెప్పలేము. పని పోతే పదం పోతుంది. పదం పోయిన తరువాత దానిని తలచుకొని వగచేకంటె, ఉన్నప్పుడే వ్రాసి ఉంచడం నయం.

తయారైన బిళ్ళలను ఏమి చేయాలి? ఒకటి ఇంటికి. అమ్మ చేతికో, తాతగారి చేతికో ఇవ్వడానికి. రెండవది పాఠశాలకే. ప్రధానోపాధ్యాయుల బల్ల సొరుగులో గుర్తులేని తాళంచెవులు గుత్తులు గుత్తులుగా పడి ఉంటాయి. ఏది ప్రయోగశాలదో, ఏది ఆటవస్తువుల గదిదో వెదకడంలోనే సగం పీరియడు గడచిపోతుంది. ప్రయోగశాల చెవికి గాజుకుప్పె ఆకారంగల బిళ్ళ, ఆటల గది చెవికి బంతి, తోట తలుపుకు ఆకు, చేతికి తగలగానే చీకటిలోనైనా తెలిసేటట్లు పిల్లలే చేసి తగిలించవచ్చును.

ఆ గుత్తిలో పుస్తకం ఆకారంగల బిళ్ళ ఒకటి తప్పక ఉండవలె. అనేక పాఠశాలలలో గ్రంథాలయమంటే తాళం వేసిన బీరువా. పుస్తకాలు పోతాయనే భయంతో వేసిన తాళం, సంవత్సరాలు గడచినా తీయబడదు. ఆ బీరువా తాళంచెవికి బిళ్ళ చేసిన పిల్లలకే వారంవారం ఆ చెవిని అప్పగించి, పుస్తకాల లెక్క వారిచేతనే వ్రాయించవలె. తాము చెక్కి, నునుపు చేసి, నూనె పట్టించిన బిళ్ళ వ్రేలాడుతున్న తాళంచెవిని పిల్లలు అంత తేలికగా పారవేసుకోరు. ఒకటి రెండు పుస్తకాలు చిరిగినా నష్టం లేదు. చెదలు తిన్న పుస్తకంకంటె చదివి చిరిగిన పుస్తకం మేలు.

రానున్న వేసవి సెలవులకు ముందే, పరీక్షలు ముగిసి పిల్లలు ఊరక కూర్చొనే నాలుగు రోజులు ఈ పనికి చాలును. పది చెక్కతుంపులు, ఒక సన్న రంపం, రెండు ఆకురాళ్ళు, కొన్ని ఉప్పుకాగితాలు, ఒక చేతిబరమా, పిలిస్తే వచ్చే ఊరి వడ్రంగి. ఇంతకు మించిన సరంజామా అక్కరలేదు.